జానెడు ఆట

చక్రం జానెడు తిప్పితే గానీ
బండికి తెలిసేది కాదు.
ఎడమకు తిప్పుతా, ఏమీ ఉండదు.
ఇంగా తిప్పుతా, ఏమీ ఉండదు.
అప్పుడు ఉన్నట్టుండి
నిద్రలో పిలిస్తే పలికిన మనిషి మాదిరి
ముందర టైర్లు "ఆఁ" అంటాయి.

పదకొండేండ్లు అట్లే నడిపినా.
ఆదోని రోడ్డులో ఎదురుగా బస్సొస్తాందంటే
బస్సు కనపడకముందే మలుపు మొదలుపెట్టేటోన్ని.
టమేటా పెట్టెలేసుకొని మార్కెట్ గేట్లో దూరుస్తాంటే
తూకం గుమాస్తా కుర్చీతో సహా పక్కకు జరిగేటోడు.

ఈ యేడు బుడ్డలు విత్తినాక
పక్క చేని సుంకమ్మ గెనెం మీద నిలబడి
సాళ్లను చానాసేపు చూసింది.
"ఏంరా ఉరుకుందూ,
తాగింది గొర్రా, నువ్వా?"

పత్తికొండలో పశువుల ఆస్పత్రికి ఎదురు
బందేనవాజు రేకుల షెడ్డు.
ఆయన స్టీరింగ్ వైపు చూడనే లేదు.
"ఎక్కి కూచో. అటూ ఇటూ ఊపు.
నిదానంగా. పిల్లను ఊపినట్ల."
గోనెపట్ట పరుచుకొని కిందికి దూరినాడు.
ఒక్కో కీలు మీద అరచెయ్యి పెట్టి
మంత్రసాని లెక్క
ఆగి, విని,
"ఇది కాదు."
"ఇదీ కాదు."
"ఇది రోంత."
"ఆఁ, దొరికినాడు దొంగ."

దొంగ ఒక్కడు కాదు.
టై రాడ్డు కొనలో గుండు అరిగి కోడిగుడ్డయింది.
డ్రాగ్ లింకుకు ఎవరో చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క.
ఎవరో ఏంది, నేనే,
దేవనకొండ దగ్గర, వానలో.
కింగ్ పిన్ను బుష్షు రేకంత పలచన.
స్టీరింగ్ పెట్టెలో నూనె ఉండాల్సిన కాడ
నల్లగా, మాడిన పాకమంత చిక్కగా ఏదో.
ఒక్కోడు గింజంత దోచినాడు.
అందరిదీ కలిపితే నా జానెడు.

ఐటీఐ మధ్యలో ఆపేసొచ్చిన మద్దిలేటి
పెట్టె మీది స్క్రూను పండ్లు కొరికి బిగిస్తాంటే
ముసలాయన వాని మణికట్టు పట్టుకున్నాడు.
"ఆట మొత్తం తీసేస్తే
తిరిగిన చక్రం మళ్లా ఇంటికి రాదురా.
వేలెడు ఉండనీ."
పావు మర వెనక్కి తిప్పించినాడు.

ఆఖరికి పురికొస తీసినాడు.
రెండు టైర్ల నడుమ ముందరొకసారి,
ఎనకొకసారి కొలిచి ముడేసినాడు.
ముడికీ ముడికీ తేడా
చిటికెన వేలి గోరంత.
"ముందర ఇంత దగ్గరుండాల," అన్నాడు.
పక్కపక్కన నడిచేటివి
రోంత ఒకదాని దిక్కు ఒకటి చూసుకుంటేనే
తిన్నగా పోతాయంట.

రెండు వేల ఎనిమిది వందలు.
మూడొందలు బాకీ పెట్టినా.

పొద్దుగూకే యాళకు ఎక్కినా.
చెయ్యి ఆనిస్తే చాలు, పలికింది.
పలికేసరికి షెడ్డు ముందరి
నీళ్ల డ్రమ్ము మీదికే పోయినా.
మద్దిలేటి ఎగిరి దూకినాడు.
బందేనవాజు నవ్వలేదు.
గుడ్డతో వేళ్లు తుడుచుకుంటా,
"బండిలో ఆట తీసేసినా.
నీ చేతుల్లోదానికి నాకాడ పానా లేదు."

ఊరి దాకా అదే వరస.
చేతులు ముందే తిరుగుతాయి, లేని జానెడు కోసం.
ఖాళీ రోడ్డు మీద
కొత్త బండి నేర్చుకునే పిల్లోని లెక్క
నేను ఒగ దిక్కు, దోవ ఒగ దిక్కు.
ఎన్నిసార్లు ఆపి చేతులు చూసుకున్నానో.

చేని కాడికొచ్చేసరికి ఇంగా రోంత వెలుతురుంది.
మొలకలొచ్చినాయి.
వంకర సాలులో ఏసినవి వంకర సాలులోనే,
ఒక్కటీ తప్పకుండా.
పది దినాల్లో కలుపుకు గుంటక తోలాల.
ఆ వంకరలన్నీ ఇప్పుడు
ఈ తిన్నని బండితో
ఒక్కొక్కటీ గుర్తు పెట్టుకొని తిరగాల.

గెనెం అవతల నుంచి సుంకమ్మ అరిచింది,
"బాగైందా రా బండి?"

"బండి బాగైంది," అన్నా.