దాయాదులు

నైటింగేల్ దీవి అంటారు గానీ
ఆ పేరుగల పిట్ట ఇక్కడ ఒక్కటీ లేదు.
ఎవరో కెప్టెన్ ఇంటిపేరట, వదిలేసి పోయాడు.
మేం కేనరీలంటాం వీటిని,
అవీ కావు.

పడవ దిగామో లేదో కాళ్ల మధ్యకి వచ్చేస్తాయి,
భయం ఎవరూ నేర్పలేదు.

చిన్నది టసక్ గడ్డి కంకి మీద ఊగుతూ
దొరికిందల్లా ఏరుకుంటుంది
గింజ, పురుగు, మా రొట్టె పొడి.
పెద్దదాని ముక్కు అడకత్తెర.
దీవి చెట్టు కాయ కొరకడానికే పుట్టింది.
డెన్‌స్టన్ బాబాయి ఒకసారి వేలు పెట్టి చూశాడు,
ఆ రోజంతా ఎడం చేత్తోనే తెడ్డు.

కేప్‌టౌన్ నుంచి వారం పాటు
ఓడలో కక్కుకుంటూ వచ్చిన పిల్ల ఇల్సే
రెంటినీ గుడ్డ సంచుల్లో వేసి తూచింది.
ఇరవై ఆరు. నలభై తొమ్మిది.
తడి పుస్తకంలో నేను రాశాను.
"ఎప్పుడో గాలికి కొట్టుకొచ్చిన
ఒకే గుంపు సంతానం ఇవి" అంది.
మా ఊరూ అంతేనమ్మా, అన్నాను.
ఉన్నవి ఏడు ఇంటిపేర్లు.
ఎవరికెవరు ఏమవుతారో
పెళ్లికి ముందు పెద్దమ్మనడగాలి.

చలికాలంలో ఆ గాలి వచ్చినప్పుడు
మేం ఇక్కడ లేం.
పడవలు దించే నెలలో వచ్చి చూస్తే
చెట్లు, చాలా చెట్లు,
అన్నీ ఒకే వైపు తలపెట్టి పడుకున్నాయి
పెద్ద కుటుంబం ఒక్క గదిలో నిద్రపోయినట్టు.
గడ్డి వంగి లేచింది.
గడ్డి గురించి ఈ నీతి అందరికీ తెలుసు.
అడకత్తెరకి తెలియదు.

తెలియకపోవడమే కాదు,
ఆ పెద్దదానికి ఈ ఏడు పండగ.
ఎన్నడూ అందనంత కిందికి దిగొచ్చాయి కాయలు.
పడిన కొమ్మ మీద కూర్చుని
టక్, టక్,
ఒక్కొక్కటే పగలగొట్టుకు తింటోంది.
ఇల్సే లెక్కపెడుతూ మధ్యలో ఆపేసింది,
మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.
చిన్నది ఆ చుట్టుపక్కలే పైకీ కిందికీ ఎగురుతోంది,
దాని గొంతు కాస్త సన్నం,
పెద్దదానిది కొంచెం బొంగురు,
పాట మాత్రం ఒక ఇంట్లో నేర్చిందే.

వెళ్లే ముందు బాబాయి వంగి
నాలుగు కాయలు జేబులో వేసుకున్నాడు.
ఎందుకని అడగలేదు.
చెట్టు కాపుకి రావడానికి ఎన్నేళ్లో ఆయనకి తెలుసు,
తన వయసూ తెలుసు.
పడవ దాకా రాళ్ల మీద నడుస్తుంటే
పెద్దది మా వెనకాలే గెంతుకుంటూ వచ్చింది,
ఆయన జేబుకేసి చూస్తూ,
బాకీ వసూలుకి వచ్చినట్టు.