లేని బ్రేకు

దొండపర్తిలో జెరాక్స్ షాపు మీద గది.
దాలినాయుడి బల్ల మీద అద్దం, అద్దం కింద
రంగు వెలిసిన విజిటింగ్ కార్డులు, ఒక సింహాద్రప్పన్న.
"పాలసీ బండికండీ, నడిపే చేతికి కాదు.
లైసెన్సుంటే చాలు,
మీ పాపైనా ఒకటే, పక్కింటి పాపారావైనా ఒకటే."

మా ప్రణవికి లైసెన్సు వచ్చి పదకొండు రోజులు.

అంతకుముందు నాలుగు నెలలు వెనకద్దం మీద ఎర్ర ఎల్,
ఎండాడ వెనక అమ్ముడుపోని ప్లాట్ల మధ్య
తను క్లచ్ వదలడం నేర్చుకుంటుంటే
ఎడమ సీట్లో కూచుని
లేని బ్రేకు తొక్కేదాన్ని.
లైసెన్సున్న మనిషి పక్కనుంటేనే అప్పుడు పాలసీ చెల్లేదట.
నేను కూచున్నది భయంతో.
అది షరతని నాకు తెలీదు.

ఇప్పుడు చట్టానికి నాతో పని లేదు.
ఒక్కర్తే గాజువాక వెళ్ళొచ్చింది.
వచ్చి, ఎప్పుడూ లేనిది,
బండిని గోడకి ఆనించినంత దగ్గరగా పెట్టింది.
"బాగా పార్క్ చేశావే" అన్నాను కూడా.

గ్యాస్ బండ కోసం సందులోకి వెళ్తే
మూడో రోజుకి కనిపించింది
గోడవైపు తలుపు మీద, హ్యాండిల్ కింద నుంచి వెనక చక్రం దాకా గీత,
ఒక సొట్ట.
ఎన్ఏడీ దగ్గర, ఫ్లైఓవర్ కింద.
ఏ పాయ ఎటు పోతుందో అక్కడ
ఇరవయ్యేళ్ళుగా నడిపేవాళ్ళకే అంతుబట్టదు.
తిట్టడానికి నోరు తెరిచి, "నీకేం తగల్లేదు కదా" అన్నాను.

దాలినాయుడు లెక్క కట్టాడు.
తలుపుకి, రంగుకి ఏడు వేలు. మొదటి వెయ్యి మీదే.
క్లెయిమ్ చేస్తే నలభై అయిదు శాతం బోనస్ సున్నాకొస్తుంది.
"నాలుగేళ్ళు ఏమీ అడగలేదు కదా మేడమ్,
ఇప్పుడడిగి పాడుచేసుకోకండి."

ఏమీ అడగనందుకు బోనస్!
డీఆర్ఎం ఆఫీసులో ఇరవయ్యారేళ్ళు చేశాను,
ఆ లెక్కన నాకెంత రావాలో
నవ్వుతూనే అడిగాను. అతను నవ్వలేదు.

ఖాళీగా ఎందుకని పాలసీ చదివాను, మొదటిసారి.
గాజుకి తరుగు లేదు.
ఫైబర్‌కి ముప్ఫై. ప్లాస్టిక్‌కీ రబ్బరుకీ సగం.
ఇనుముకి వయసును బట్టి.
ఓనర్-డ్రైవర్‌కి పదిహేను లక్షలు, అంటే నాకు.
ఒక కన్ను పోతే అందులో సగం, ఒక కాలు పోయినా సగం.
నేను తునకలు తునకలుగా అందులో ఉన్నాను.

"మరి నడిపేది మా అమ్మాయైతే? తనకి?"
దాలినాయుడు పెన్ను మూత తీశాడు, పెట్టాడు.
"తగిలినోడికి వస్తుంది మేడమ్. బండికి వస్తుంది.
పాపకంటే... ఆ గడి ఖాళీ.
విడిగా పేరు రాయించుకోవాల. ఎంతో కాదు,
రెండు సినిమా టిక్కెట్లంత."

రాయండి అన్నాను.
పేరు రాశాడు. పుట్టిన తేదీ రాశాడు.
"నామినీ?"

నా కాగితంలో నామినీ ప్రణవి. అది ఎప్పుడో రాసేశాను,
కరెంటు బిల్లు కట్టినంత తేలిగ్గా.
దాని గడిలో నా పేరు రాయాలి.
అక్షరాలు అవే. నావే.
కాగితం ఎగురుతోందనుకుని
దాలినాయుడు ఫ్యాను తగ్గించాడు.

తలుపు బాగుచేయించలేదు.
ఈ ఊరి గాలికి ఇనుము ఆగదు కదా,
వానలు వెళ్ళేసరికి గీత ఇటుక రంగుకి తిరిగింది.
"ఇంకా గోడవైపే పెట్టాలా?" అంటుంది.
నీ ఇష్టం అంటాను.

మొన్న ఇద్దరం భీమిలి నుంచి వస్తున్నాం.
హనుమంతవాక సిగ్నల్ దగ్గర మెత్తగా ఆపింది,
నేను ఆపినదానికంటే మెత్తగా.
కిందికి చూసి,
"అమ్మా, నీ మడమ కింద మ్యాట్ చిల్లు పడిపోయింది" అంది.

రబ్బరు.
తరుగు సగం.