శబ్దం లేని రీలు

గ్రిమ్స్‌బీ రేవు లైబ్రరీ వెనక గదిలో
తొమ్మిదిమందిమి, ఒక్క హీటరు.
గోడకి మేకులు కొట్టి పరిచిన దుప్పటి మీద
డెబ్బైమూడు నవంబరు మొదలయింది.

బొమ్మ ఉంది. పాట లేదు.
శబ్దం రీలు వేరే డబ్బాలో ఉండేదట,
ఆ డబ్బాలో ఎవరో మేకులు దాచుకున్నారు.

సాల్ట్ లాంటర్న్స్. నలుగురు కుర్రాళ్ళు
జుట్టు విరబోసుకుని పూనకంలో ఊగుతున్నారు,
ఒడ్డున పడ్డ చేపల్లా నోళ్ళు తెరుస్తూ, మూస్తూ.
వెనక ఎవరో కిసుక్కుమన్నారు.
నిజమే, చెవులు మూసుకుని చూస్తే
ఎవరి సంబరమైనా పిచ్చిలాగే ఉంటుంది.

నాన్న నవ్వలేదు.
ఆ రాత్రి స్పీకర్లు మోసిందీ, మీటలు జరిపిందీ ఆయనే.
ఎడమ చెవి ఆ రాత్రే ఇచ్చేశాడు.
కుడిది తర్వాత నెమ్మదిగా,
వాయిదాల మీద అప్పు తీర్చినట్టు.
ఇప్పుడు టీ కావాలా అని మూడుసార్లు అరవాలి.

డ్రమ్ములవాడి భుజం లేచీ లేవకముందే
నాన్న మడమ నేలని తట్టింది.
వేళ్ళు మోకాలి మీద ఏవో వెతుక్కున్నాయి.
"ఇప్పుడు కూస్తుంది చూడు ఎడమ స్పీకరు,"
అన్నాడు, గది అదిరేటట్టు.
తెర మీద గిటారు కుర్రాడు ఉలిక్కిపడి
ఎడమవైపు తిరిగాడు.

ఇక ఎవరూ నవ్వలేదు.

"ఇక్కడ ఐవర్‌కి తీగ తెగింది.
మిగిలిన మూడింటి మీదే లాక్కొచ్చాడు, దొంగవెధవ,
ఒక్కడికీ తెలీనివ్వలేదు."
ముందు వరసలో ఐవర్ భార్య మ్యూరియల్
ఒళ్ళోని సంచి మూత తీసి, మళ్ళీ వేసి,
"నాక్కూడా," అంది.

కెమెరా జనం మీదికి తిరిగింది.
చేపల ఫ్యాక్టరీ అమ్మాయిలు, తెల్ల టోపీలైనా తీయకుండా వచ్చేసినవాళ్ళు,
ఒకళ్ళ భుజాలమీద ఒకళ్ళు.
తలుపు దగ్గర వానకోటు వేసుకుని
ఇంత నోరు తెరిచి ఆవలిస్తున్న మనిషి
మా అమ్మ.
ఆవిడకి ఈ గోల ఎప్పుడూ పడేది కాదు.
ఆవలింత పూర్తికాకముందే కెమెరా వెళ్ళిపోయింది.
వెనక్కి తిప్పమని అడగాలనిపించింది, అడగలేదు.

రీలు కొస టపటపా కొట్టుకుంది.
దుప్పటి ఉత్త తెలుపు అయింది,
అంచున ఇస్త్రీ మచ్చ కనపడింది.
ఎవరూ లేచి లైటు వేయలేదు.
నాన్న మడమ మాత్రం ఆగలేదు.
ఇంకో పాట నడుస్తోంది కాబోలు.

కాసేపటికి నావైపు వంగి
"మరీ గట్టిగా ఉందా? తగ్గించనా?" అన్నాడు.
కొంచెం, అన్నాను.
ఆయనకి వినపడలేదు.