కోర్ పెట్టె నంబరు ఏడు

డాక్టరేటు రావాలంటే ఏమేం కావాలో
నాలుగు పేజీల కాగితం చేతిలో పెట్టారు ఆఫీసులో.
ఇన్ని క్రెడిట్లు, ఒక సమగ్ర పరీక్ష,
అరవై రోజుల క్షేత్ర పని,
చివర్న, ఇంతవరకు ఎవరూ చెప్పనిది
ఒకటైనా చెప్పడం.

మా ఊళ్ళో బోరు ఉప్పెక్కిన ఏడు
పాలు పొంగకముందే విరిగిపోయేవి.
ఎందుకని అప్పుడడిగిన ప్రశ్నే
ఇప్పుడు నా సినాప్సిస్, స్పైరల్ బైండింగుతో సహా.

కాట్రేనికోన దాటి, సరుగుడు తోటలు దాటి,
రోడ్డు తన పేరు తానే వదులుకున్న చోట
సంగాని ధర్మారావు కూర్చుని ఉన్నాడు,
చేతిపంపులకు బోర్లు దింపే మేస్త్రి.
చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని
నా గొట్టాన్ని వేలితో మీటి చూశాడు.
"అల్యూమినియమాండి? వంగుద్ది."
మూడో రోజున వంగింది.

"క్రెడిట్టంటే అప్పేనాండి, సువార్తగారూ?"
"అలాంటిదే. తీరేదాకా డిగ్రీ ఇవ్వరు."
"ఆయ్. మా సొసైటీ లాగే."

ఇక్కడ నేల ఏమంత పాతది కాదు.
ఏ కొండల మన్నో ఏటి వెంట నడిచొచ్చి
అలిసి కూలబడిన చోటు.
ధర్మారావు చిటికెడు తీసి నాలిక మీద వేసుకుని
ఉమ్మి, "సముద్రం వచ్చేసిందండి" అన్నాడు.
నేను నాలుగు ఇనుప మేకులు నాటి,
నేలలోకి కరెంటు పంపి, గంటన్నర ఎండలో కూర్చుంటే
మీటరు అదే మాట అంది
రెండు దశాంశ స్థానాలతో.

సుత్తి దెబ్బల సర్వే ఇంకో కథ.
ఇనుప పలక మీద కొడితే
ఇరవై నాలుగు జియోఫోన్లు నేలకు చెవి ఆనించి వినాలి.
వినబడితేగా!
నాలుగు పక్కలా రొయ్యల చెరువులు,
ఏరేటర్ల మోత మట్టి నరాల్లోకి దిగిపోయింది.
పది నిమిషాలు ఆపమని దంతులూరి బాపిరాజుగారిని బతిమాలాను.
"ఆపుతాను. సరుకు పైకి తేలితే
మీ యూనివర్సిటీ కొనుక్కుంటుందా?"
అందుకని కరెంటు పోతేనే మా సైన్సు.
పోయాక, జనరేటరు అందుకునే లోపు
నాలుగు నిమిషాలు, ఆరు దెబ్బలు.
నడి వేసవిలో కోత కోసం మొక్కుకున్నది
జిల్లా మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"ముప్పై అడుగుల కాడ గుల్ల తగులుద్దండి,
దాని కింద నల్ల బురద,
కుళ్ళిన మడాకు వాసనేస్తది."
తగిలింది. తొమ్మిది మీటర్ల ఇరవై దగ్గర.
వాసన కూడా.

ఎవరూ చెప్పనిది చెప్పాలన్నారు కదా,
ఇది ఈయన చెప్పేశాడు.
పోనీ, ఆ మాట ఆయన పేరునే రాద్దామని
నియమావళి తీశాను:
పేరు, కామా, వ్యక్తిగత సంభాషణ, సంవత్సరం.
"గుల్ల సంగతి మీకు ఏ ఏడు తెలిసిందండీ?"
"నాకు తెలియడమేంటండి, మా చిన్నన్న చెప్పాడు.
తొంభయ్యారు తుఫానుకి ముందేడు.
ఆ రాత్రి వేటకెళ్ళి మరి రాలేదు."
చుట్ట కోసం చెవి తడుముకున్నాడు.
లేని మనిషితో వ్యక్తిగత సంభాషణకు
నాలుగు పేజీల్లో ఎక్కడా పద్ధతి లేదు.
వెనక్కి తిప్పి చూశాను కూడా.

నిన్న ఆఖరి గొట్టం లాగాం.
పన్నెండు మీటర్లు దింపితే
పది మీటర్ల నలభై పైకొచ్చింది.
మిగతాది మెత్తగా జారి వెళ్ళిపోయింది.
పెట్టెలో ఆ ఖాళీ చోట
'నో రికవరీ' అని చీటీ పెట్టడం ఆనవాయితీ.
"అంటే ఏంటండి?"
"కింద ఉంది. చేతికి రాలేదు."
పెట్టె వైపు చాలాసేపు చూసి
"తెలుగులో రాయండి" అన్నాడు,
"ఎవరైనా అడిగితే నేను చదివి చెప్పాలి కదా."

రాశాను: ఉంది. రాలేదు.
గైడుగారు ఎర్ర ఇంకుతో కొట్టేస్తారు.
కొట్టేయనీ.

చీటీ ఆరనే లేదు,
ఏరేటర్లు ఒక్కొక్కటే నీళ్ళలో ఆగిపోయాయి.
సుత్తి కోసం ఇద్దరం ఒకేసారి లేచాం.