ప్రశ్నార్థకానికి గడి లేదు

ఊరి పేరు సీ లేక్.
సముద్రం లేదు. సరస్సులో ఉప్పు తప్ప ఏమీ లేదు.
మెల్బోర్న్ నుంచి పొద్దంతా కారులో వచ్చాం,
డాక్టర్ ట్రెలోర్, ఆమె గ్రాఫులు,
వెనక సీట్లో నేను.

నేను శాస్త్రవేత్తను కాను.
పాత వాన పుస్తకాల్లోని అంకెల్ని
ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించే మనిషిని.
మూడేళ్లుగా అదే పని, కళ్లు లాగేదాకా.

హాల్లో నలభై మంది. అందరూ చేతులు కట్టుకునే ఉన్నారు.
గోడ మీద ఎర్రగీత మెట్లు దిగుతోంది:
ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పడాల్సిన వాన,
గోధుమ గింజకి పాలు పోసే వాన.
"బహుశా ఇకమీదా తగ్గుతుంది" అందామె.
తూచి తూచి, ఉన్నదున్నట్టు, బహుశా అంది.
హాలు ఆ ఒక్క మాటనే చెవినేసుకుంది.
"అంటే మీకూ తెలీదన్నమాట!"
తొంభై పాళ్లు ఖాయమంటే
మిగిలిన పది పాళ్లకి చప్పట్లు కొట్టారు.

అప్పుడు లేచాడొకాయన, టోపీ చేత్తో నలుపుతూ.
"కరువులు మా నాన్నా చూశాడు.
నీడపట్టున కూర్చుని గీసిన గీతలు నేను నమ్మను.
అసలీ లెక్కలు మీకెక్కడివి?"
పేరు చెప్పమన్నారు.
"క్లారీ పోల్నర్."

నా చేతిలో టీ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

ముఖం ఎన్నడూ చూళ్లేదు. చేతిరాత తెలుసు.
ఏడుకి నడుం మీద అడ్డగీత పెడతాడు.
తండ్రి పాయింట్లలో రాశాడు, ఈయన మిల్లీమీటర్లలో.
పొద్దున తొమ్మిదింటికి పెరట్లో వానగొట్టం,
పండగనీ జ్వరమనీ తప్పింది లేదు.
ఒక ఆగస్టులో సున్నా, చుక్క, సున్నా,
పక్కన మార్జిన్లో సన్నగా:
డోరీన్, రెండు గంటలకి, లూథరన్ చర్చి.
అక్కడక్కడా అంకె పక్కన ప్రశ్నార్థకం.
కుక్క గొట్టాన్ని తన్నేసింది.
దుమ్ము పడింది, ఈ కొలత నమ్మొద్దు.

ఆ గోడ మీది గీతలో ఈ ఊరి వంతు
ఆయన రాసిందే.

అందరిముందూ అనబుద్ధి కాలేదు.
శాండ్‌విచ్‌ల బల్ల దగ్గర పక్కన నిలబడి
వానలెలా ఉన్నాయన్నాను.
"బ్రేక్ రాలేదింకా."
మా అనంతపురంలో పదును కాలేదంటాం,
అదే మాట, అదే మెడ పైకెత్తడం.
అప్పుడు చెప్పాను, "అవి మీ అంకెలే."

చాలాసేపు చేతిలోని రొట్టెముక్కని చూశాడు.
"నా ప్రశ్నార్థకాలేం చేశారు?"

కంప్యూటర్లో వాటికి గడి లేదన్నాను.
అందుకని పక్కనే ఇంకో వరస తెరిచి
ప్రతిదానికీ 'అనుమానం' అని రాశాను.
మొత్తం అరవై మూడు.

"అరవై నాలుగు" అన్నాడు.

బయట చీకట్లో యూట్ తలుపు తీసి
సీటు వెనక నుంచి ఒక పుస్తకం లాగాడు.
ఎనభై రెండు. మా అరలో ఖాళీగా ఉన్న ఏడాది.
"నమ్మి ఇస్తున్నాననుకోకు.
లెక్క బొర్రెతో ఉండకూడదు, అంతే."

తిరుగుదారిలో ట్రెలోర్
"ఒక్కరు కూడా..." అని ఆగిపోయింది.
నేనేం మాట్లాడలేదు.
అట్ట తెరిస్తే ఎర్రదుమ్ము
జలజలా ఒళ్లోకి రాలింది.
దులపకుండా, పైన లైటు వేసుకుని
జనవరి నుంచి మొదలుపెట్టాను.