పేరు ముందు వస్తుంది

నన్ను మాలినియో అంటారు,
లినియో తల్లి అని.
లెసోతోలో, మా కొండల్లో అంతే.
గడప దాటి వచ్చిన కొత్తకోడలికి
కప్పుకున్న దుప్పటి ఇంకా వేడెక్కకముందే
పుట్టబోయే బిడ్డ పేరు మీద ఓ పేరు పెడతారు.
బిడ్డ తర్వాత వస్తుంది.
వస్తే.

నా లినియో ఒక పొద్దున వచ్చింది.
దీపాలవేళకి లేదు.
పేరు మాత్రం ఉండిపోయింది.
ఇరవై రెండేళ్లుగా ఊరు ఊరంతా
ఉప్పు బదులడగాలన్నా, మేక తప్పిపోయిందన్నా
ఆ పేరుతోనే నన్ను కేకేస్తుంది.
పలుకుతాను.

క్లినిక్ వాళ్లు సంచి చేతికిచ్చిన రోజు
ఎందుకు ఒప్పుకున్నావని నర్సు అడిగింది.
మోకాళ్లు గట్టివి, చదవడం వచ్చు అన్నాను.
మిగతాది ఆమె కాగితం గళ్లలో పట్టదు.

సంచి బరువేమీ కాదు.
పిల్లల జబ్బకు చుట్టి చూసే మూడు రంగుల పట్టీ,
తూకం కొక్కెం, ఐరన్ మాత్రలు,
వానకి ఉబ్బిన నోటుబుక్కు.
నెలకని ఇచ్చే డబ్బు మూడు నెలలకోసారి వస్తుంది,
అదీ బరువేమీ కాదు.

ఈ జూలైలో మాపులెంగ్‌కి ఎనిమిదో నెల దాటింది.
పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట
పది లెక్కపెట్టినా పూడలేదు.
అప్పటికే కనుమ మీద మంచు.
క్లినిక్ పక్కన, నొప్పుల కోసం కాచుకునే తల్లులకు
ఒక గది ఉంది, పొయ్యి ఉంది, పడక ఉంది.
దారి మాత్రం ఇంకో రెండు రోజులే ఉంటుంది.

"నీళ్లెవరు తెస్తారు?" అంది అత్త మాసెఖోబె.
"ఐదుగుర్ని ఈ అలికిన నేల మీదే కన్నాను నేను."
పేర్లు చెప్పమన్నాను.
సెఖోబె. లెరోతోలి.
మూడో పేరు దగ్గర గరిటె ఆగిపోయింది.
మొక్కజొన్న సంకటి అడుగంటిన వాసన.
నేను మళ్లీ అడగలేదు.
బకెట్ నెత్తిన పెట్టుకుని ఊటకు వెళ్లొచ్చాను,
రెండుసార్లు. మూడోసారి లేవబోతే
"చాల్లే, నీ మోకాళ్లు నాకంటే ముసలివి" అని లాక్కుంది.

తెల్లారేసరికి గుర్రానికి జీను కట్టి ఉంది.
జీను మీద, తన పెళ్లినాటి దుప్పటి.

కనుమలో గుర్రం జారినప్పుడు
ఆ పిల్ల నా భుజం గట్టిగా పట్టుకుంది.
కాసేపాగి అడిగింది,
"అమ్మా, నీ లినియో ఎలా ఉండేది?"
ఇన్నేళ్లూ పిలిచినవాళ్లే గాని
అడిగినవాళ్లు లేరు.
"చెవులు పెద్దవి" అన్నాను.
ఇద్దరం నవ్వాం. నోళ్లలోంచి ఆవిరి లేచింది.

ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని చెప్పను.
పోయిన చలికాలం ఒక గుమ్మం ముందుకి నేను చేరేసరికి
లోపల ఏడుపు మొదలైంది, పెద్దవాళ్ల ఏడుపు.
నోటుబుక్కులో ఆ పేజీ అలాగే ఉంది.
ప్రతి నెలా దాన్ని దాటుకునే
కొత్త పేజీకి వెళ్తాను.

తొమ్మిదో రోజున ఫోన్.
సిగ్నల్ కోసం బండ మీదికెక్కి విన్నాను.
బీపీ బాగా పెరిగిందట, సూదిమందు వేశారట,
నర్సు రాత్రంతా మంచం పట్టి వదల్లేదట.
ఇద్దరూ ఉన్నారు.
ఇద్దరూనా? అని మళ్లీ అడిగాను.
ఇద్దరూ.

పులెంగ్ అంటే వానలో పుట్టినది, ఆడపిల్ల పేరు.
వచ్చిందేమో మంచులో, మగపిల్లాడు.
అత్త నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.
"పులెంగ్ తర్వాత వస్తుందిలే, పేరెక్కడికి పోతుంది!"
"మూడేళ్లాగి రమ్మను" అన్నాను, సంచి సర్దుకుంటూ.

మా దగ్గర ఆడపిల్ల పుడితే
తండ్రి నెత్తిన నీళ్లు కుమ్మరిస్తారు,
మగబిడ్డైతే కర్రతో తగిలిస్తారు. అదే కబురు చెప్పడం.
పైదొడ్డిలో గొర్రెలు వదిలి లెరోతోలి
రొప్పుకుంటూ దిగి వచ్చాడు, ఏమీ తెలియదు.
ఆడవాళ్లు కర్ర తెచ్చి నా చేతికే ఇచ్చారు.
"కొట్టు మాలినియో!"
లినియో తల్లిని.
గట్టిగానే కొట్టాను.