బద్ద

పలాసలో నాలుగున్నర.
జీడి బట్టీల పొగ ఇంకా లెగలేదు,
నాను లెగిసీసినాను.

ఆముదం రాసుకున్న సేతులు
జోడించబోతే జారిపోతన్నాయి.
వేళ్ల సందుల్లో పాత జీడి మచ్చలు.

మొదట్లో పెద్దపెద్దవే అడిగీదాన్ని:
అప్పు తీరాలని,
మా యోనా తాగుడు మానాలని,
సిమెంటు స్లాబు, అదీ ఇదీ.
ఇప్పుడు ఒకటే:
తండ్రీ, ఈ పూటకి నన్ను లేపు,
రేపటి సంగతి రేపు గొడవాడుకుందాం.

నిన్న తూకం కాడ మేస్త్రీ
బద్దలన్నీ ఒక పక్కకి తోసీసి
"గుండుకున్న రేటు దీనికేటి?" అన్నాడు.
నవ్వొచ్చీసింది నాకు.
బద్దనే ఏరుకునీవోడు ఒకడున్నాడని
ఈడికెవరు సెప్తారు?

రాహేలు సైకిలు బెల్లు.
సీకట్లో సెప్పులు దొరకలేదు,
ఆమేన్ అనడం మర్సిపోయినాను.
పర్లేదు.
రైలుగేటు కాడ అనుకుంటాను.